చక్కెర పటమూ, ఇద్దరు ఫ్రీటైపులూ

వ్యాకరణమో ఛందస్సో తప్ప మరొకటి వ్రాయని ఈ పంతులు ఇవాళ లైబ్రరీల తగవు గురించి వ్రాయబోతున్నాడు. ఇక్కడ లైబ్రరీ అంటే బీరువాలున్న గ్రంథాలయం కాదు. కంప్యూటరులో అనేక ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకొనే సంకేతాల మూట. సాంకేతిక విషయాలు బాగా ఎరిగినవారు నా తప్పులను మన్నింతురు గాక.

మా ఇంటావిడకు మధుమేహం వచ్చి 11 ఏళ్ళు. 2024 వేసవిలో వైద్యులు, ఉదయం పరగడుపున చూసే చక్కెర అదుపులో లేదనీ, ఇలాగే ఉంటే ఇన్సులిన్ సూది తప్పదనీ అన్నారు. సూది మాట వినగానే ఆమె ముఖం వాడిపోయింది. ఇంటికి వచ్చాక, "మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను కదండీ, ఆ మీటరే తప్పు చూపిస్తోందేమో" అంది. ప్రతి ఉదయమూ వేలికొన పొడిచి చూసిన అంకెను ఆమె స్వయంగా ఒక నోటు పుస్తకంలో తేదీతో సహా వ్రాస్తూ వచ్చింది. నాలుగు నెలల అంకెలు. అందులో ఏదో ఒక తీరు ఉండకపోదని నాకనిపించింది గాని, వరుస అంకెలను చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి. గీతగా గీస్తే తెలుస్తుంది. పైగా ఆమె చదివింది ఏడవ తరగతి. తెలుగు తప్ప మరొకటి చదవదు. కనుక పటం మీద మాటలు తెలుగులో ఉండితీరాలి.

ఒకప్పటి నా విద్యార్థి పుణేలో ఉద్యోగం చేస్తున్నాడు. తొమ్మిదో తరగతిలో సంధులు రాక నా చేత బల్ల మీద నిలబడినవాడు. ఫోను చేస్తే న్యూప్లాట్ అనే ప్రోగ్రాముకు తగిన ఆజ్ఞలు వ్రాసి, వాటితో గీసిన బొమ్మ కూడా పంపాడు. గీత బాగానే ఉంది. అక్షరాలే ఘోరం. "చక్కెర" అన్న మాటలో క మీద పొల్లు నిలబడి, పక్కన మరో క, దాని పక్కన వేరుగా ఒక ఎత్వం. "తర్వాత" అన్న మాట ముక్కలై పడి ఉంది. వాడి యంత్రంలోని న్యూప్లాటుకు అక్షరాలను కూర్చే పాంగో లైబ్రరీ జతపడలేదట. పాంగో గనక ఉంటే అది హార్ఫ్‌బజ్ అనే మరో లైబ్రరీ సాయంతో ఒత్తులనూ గుణింతాలనూ సరైన చోట కూరుస్తుందట. అంటే ముత్యాల సరం గుచ్చే దారం లేక పూసలు చెదిరాయన్నమాట.

ప్రతిరోజూ వాడిని అడగడం నాకు నచ్చలేదు. నా యంత్రంలోనే పెట్టుకొందామనుకొన్నాను. వాడు వ్రాసిన ఆజ్ఞలలో 2023 చివర వచ్చిన 6.0 వెర్షనుకు మాత్రమే తెలిసిన ఒక పద్ధతి ఉంది. నా లినక్సు ప్యాకేజీల జాబితాలో ఉన్నది అంతకన్నా పాతది. కనుక మూలసంకేతం దించుకొని కంపైలు చేసుకోవడమే దారి.

ఆ పేరు గురించి ఒక్కమాట చెప్పకుండా ఉండలేను. 1986లో థామస్ విలియమ్స్, కాలిన్ కెల్లీ అనే ఇద్దరు దీనిని విడుదల చేశారు. ఒకరు ఒక పేరు, మరొకరు మరొక పేరు కోరి, చివరకు "కొత్త ప్లాట్" అనే అర్థం వచ్చే పేరుకు రాజీపడ్డారట. అప్పటికే ఆ పేరుతో వేరొక ప్రోగ్రాము ఉండడంతో, అదే ధ్వనించేలా శ్లేషతో ఈ పేరు పెట్టారు. జనం అనుకొనేట్టు గ్నూ సంస్థకూ దీనికీ సంబంధం లేదు. దీని లైసెన్సు మరీ ముచ్చటగా ఉంది: ఎవరైనా మార్పులు చేసుకోవచ్చును గాని మార్చిన మొత్తం గ్రంథాన్ని పంచరాదు, మూలానికి సవరణలను విడిగా జతపరచి ఇవ్వాలి. మూలాన్ని ముట్టుకోకుండా పాఠాంతరాలను అడుగున చూపే మన పరిష్కర్తలు గుర్తుకు వచ్చారు.

ఇక పని. కాన్ఫిగర్ అనే ఆజ్ఞ నడిపితే అది యంత్రమంతా వెదకి, చివర ఏమేమి ఉంటాయో ఒక పట్టిక ఇచ్చింది. కైరో ఆధారిత చిత్రాలకు ఎదురుగా "లేదు" అని ఉంది. కైరో, పాంగో రెండూ నా యంత్రంలో ఉన్నాయి కదా అని ఆశ్చర్యపోయాను. ఉన్నవి నడిపించడానికి పనికివచ్చేవి మాత్రమేనట. కంపైలు చేయడానికి వాటి హెడర్ ఫైళ్ళు కావాలి, అవి చివర "డెవ్" అని ఉన్న వేరే ప్యాకేజీలలో వస్తాయి. తెప్పించాను. పట్టికలో "ఉంది" అని వచ్చింది. మేక్ అన్నాను. వరుసలు వరుసలుగా ఫైళ్ళన్నీ కంపైలై, చిట్టచివర అన్నిటినీ కలిపే చోట ఆగిపోయింది. పదాలన్నీ సాధువులే, సంధి దగ్గర పేచీ! ఫాంట్‌కాన్ఫిగ్ అనే లైబ్రరీకి "ఎఫ్‌టీ డన్ ఎంఎం వార్" అనే ఫంక్షను కావాలి, అది దొరకలేదు అని ఫిర్యాదు.

రెండు రోజులు కుస్తీ పట్టాను. ఫాంట్‌కాన్ఫిగును తీసి మళ్ళీ పెట్టాను. ఫ్రీటైపునూ మళ్ళీ పెట్టాను. మార్పు లేదు. ఈలోగా ఆమె, "వదిలేయండి, ఆ పటం లేకపోతే నా జబ్బు తగ్గదా ఏమిటి" అంటూనే, సాయంత్రమయ్యేసరికి "వచ్చిందా?" అని అడిగేది.

చివరకు మళ్ళీ శిష్యుణ్ణే ఆశ్రయించాను. "మాస్టారూ, ఆ ఫాంట్‌కాన్ఫిగ్ మీద ఎల్‌డీడీ నడిపి, ఫ్రీటైపు ఎదురుగా ఏ దారి ఉందో చదవండి" అన్నాడు. చదివాను. అది వ్యవస్థ అర కాదు, నా సొంత సంచయంలోని ఒక పాత అర! అప్పుడు జ్ఞాపకం వచ్చింది. 2012లో తెరమీద తెలుగు అక్షరాలు పలచగా ఉన్నాయని ఎవరో చెబితే, నేనే ఫ్రీటైపును కంపైలు చేసి అక్కడ పెట్టుకొని, లైబ్రరీలను ముందు ఆ అరలోనే వెదకమని బాష్ ఆరంభ ఫైలులో ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే పంక్తి ఒకటి వ్రాశాను. యంత్రం మారినా ఆ ఫైలు నాతోనే వచ్చింది. కావలసిన ఫంక్షను 2018లో వచ్చిన ఫ్రీటైపు 2.9లో చేరింది, నాది అంతకు ఆరేళ్ళ ముందుది. ఇద్దరి పేరూ ఒకటే, పేరు చివరి అంకె 6 కూడా ఒకటే. పిలిస్తే ముందు నిలబడ్డవాడు పలికాడు. మెనూ నుంచి తెరిచే ప్రోగ్రాములకు ఆ పంక్తి సంగతి తెలియదు కనుక అవి ఇన్నేళ్ళూ హాయిగా నడిచాయి.

"ఎవరు పెట్టార్రా ఇది అని అడగకు" అన్నాను. వాడు అడగలేదు, నవ్వినట్టు మాత్రం వినిపించింది. బల్ల మీద నిలబడవలసింది నేనే.

పంక్తి చెరిపి, టెర్మినల్ మూసి మళ్ళీ తెరిచి, పాత ముక్కలన్నీ తుడిచి మొదటినుంచీ నడిపాను. ఈసారి సంధి కుదిరింది. పటం మీద "పరగడుపు చక్కెర" అని ఒత్తులతో సహా చక్కగా నిలిచింది.

కాగితం మీద అచ్చు తీసి ఇచ్చాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకొని చాలాసేపు చూసింది. గీత 130, 140ల మధ్య నడుస్తూ వారానికొకసారి 190 దాటి గోపురంలా లేస్తోంది. వేలితో ఆ గోపురాల కింద తేదీలు వెదికి, గోడ మీది కాలెండరుతో పోల్చి, "ఇవన్నీ మంగళవారాలు" అంది. నాకు అర్థం కాలేదు. కాసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా చెప్పింది: సోమవారం ఉపవాసం, తిండి లేనప్పుడు మాత్ర ఎందుకని ఆ రోజు రెండు పూటలా మానేస్తుంది, రాత్రి దీపం పెట్టాక సగ్గుబియ్యం పాయసమూ అరటిపళ్ళూ తీసుకుంటుంది. నాలుగేళ్ళుగా ఇదే. నేను అదే ఇంట్లో ఉన్నాను, నాకు తెలియదు.

ఆ కాగితమే పట్టుకొని వెళ్ళాం. వైద్యులు ఉపవాసం మానమనలేదు. ఆ రోజు ఏ మాత్ర మానాలి, ఏది ఎప్పుడు వేసుకోవాలి, రాత్రి ఏమి తినాలి అని విడిగా వ్రాసి ఇచ్చారు. సూది మాట మూడు నెలల తరువాత చూద్దామన్నారు. ఆమె ఆ చీటీని దేవుడి గూటి పక్కన అంటించింది. ఇప్పుడు సోమవారం సాయంత్రం దీపం పెట్టే ముందు నన్నొకసారి పిలిచి, మాత్ర చేతిలో చూపించి మరీ వేసుకుంటోంది.