పాత కారు కొంటున్నరా? వారంటీ తారీఖు ముందు చూడుండ్రి

ఈసారి సాగు ముచ్చట కాదు, పాత కారు ముచ్చట. వడ్ల పైసలు చేతికొచ్చినంక మన ఊర్లల్లో కొందరు సెకండ్ హ్యాండ్ కారు కోసం ఉప్పల్, నాచారం దిక్కు పోతరు. వాళ్ల కోసమే రాస్తున్న.

పోయిన డిసెంబర్‌ల, అంటే 2025ల, మా మేనల్లునితో నేనూ నాచారం పోయిన. ఒక మారుతి కారు నచ్చింది. 2024 మార్చిలో డెలివరీ అయింది, 43 వేల కిలోమీటర్లు తిరిగింది. అమ్మేటాయన "పెద్దాయనా, కంపెనీ వారంటీ మూడేండ్లు, లక్ష కిలోమీటర్లు. ఇంకా ఏడాది పైన ఉంది" అన్నడు. ఆ పేరు మీద ముప్పై వేలు ఎక్కువ చెప్పిండు.

మూడేండ్లు, లక్ష కిలోమీటర్లు అన్న మాట ఉత్తది కాదు. కానీ మారుతి ఆ లెక్క పెట్టింది 2024 జూలై 9 నుంచి డెలివరీ అయిన కార్లకు. అంతకు ముందువాటికి రెండేండ్లు లేదా 40 వేల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఈ కారుకు రెండేండ్లు నిండలేదు గాని 40 వేలు దాటింది. అంటే వారంటీ అయిపోయింది. మావాడు చాసిస్ నంబరు పట్టుకపోయి కంపెనీ సర్వీస్ సెంటర్‌ల అడిగితే వాళ్లూ అదే చెప్పిండ్రు. ముప్పై వేలు తగ్గించమంటే ఆయన ఒప్పుకోలే. లేసి వచ్చేసినం.

ఒక్కటి గుర్తు పెట్టుకోండి. కంపెనీ వారంటీ కారుతో పాటు పోతది. మొదటి ఓనరు డెలివరీ తీసుకున్న రోజు నుంచే లెక్క. చేతులు మారితే మిగిలిన కాలమే మనకొస్తది, మళ్లీ మొదటి నుంచి రాదు. విత్తనాల సంచి మీద గడువు తారీఖు ఉంటది కదా, మనం ఏ రోజు కొన్నా అది మారదు. ఇదీ గంతే.

"వారంటీ ఉంది" అంటే ఏ వారంటీ అని అడగండి. కంపెనీది ఒకటి. మొదటి ఓనరు పైసలు కట్టి పొడిగించుకున్నది ఇంకొకటి, అది మన పేరు మీదికి మారుతదా, దానికేం కాయితాలు కావాలె అని సర్వీస్ సెంటర్‌లనే కనుక్కోండి. పాత కార్ల దుకాణం సొంతంగా ఇచ్చేది మూడోది, దానికి కంపెనీతో సంబంధం లేదు. ఏ పార్టులకు, ఎన్ని నెలలు అన్నది కాయితం మీద రాయించుకోండి.

బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, వైపర్ల లాంటి అరిగిపోయే సామాన్లకు మామూలుగా వారంటీ రాదు. వరద నీళ్లు పోయిన ఇంజన్‌కూ రాదు, అది ఇన్సూరెన్స్ పని. 2020 అక్టోబర్ వానలు మరువకండి. కార్పెట్ లేపి బురద, తుప్పు చూడండి. సర్వీస్ రికార్డు కూడా తీయించండి. కిలోమీటర్లు వెనక్కి తిప్పితే అక్కడ దొరుకుతది.

కారు తీసుకున్నంక ఫారం 29, 30 పెట్టి ఆర్‌సీ మీ పేరు మీదికి మార్పించండి. ఇన్సూరెన్స్ మార్పుకు 14 రోజులల్ల దరఖాస్తు ఇవ్వాలె. వారంటీ ఉండి కూడా చెయ్యమంటే 1915కు ఫోన్ చేయండి, అది వినియోగదారుల హెల్ప్‌లైన్.

సర్వీస్ సెంటర్‌కు పోయి అడుగుడు ఒక పూట పని. బయానా ఇయ్యకముందే ఆ పూట పెట్టుండ్రి.