నారా పట్టణపు నీళ్లతొట్టె

మేము మొదటిసారి జపాను బయలుదేరునప్పుడు, సికింద్రాబాదులో మా సంఘపు వృద్ధురాలు ఒకామె, "అయ్యగారూ, మనము గుళ్లలోనికి పోవచ్చునా?" అని అడిగింది. పౌలు ఏథెన్సులో అన్నియు తిరిగి చూచెను గదా అన్నాము గాని, మా మనస్సు కుదుటపడలేదు.

నారాలో జింకలు మేకలవలె వీధులలో తిరుగుతాయి. అక్కడి కసుగా గుడి జపానువారి సొంత మతమైన షింతోది. గుడి ముందు నీళ్లతొట్టె, గరిటె ఉంటాయి. ఎడమచేయి, తరువాత కుడిచేయి కడిగి, అరచేతిలో నీళ్లు పోసుకొని పుక్కిలిస్తారు. గరిటెను నోటికి తగలనివ్వరు. ఎంగిలి పట్టింపు మనకే ఉన్నదనుకొన్నాము! ఒక ముసలాయన మాకు గరిటె అందించబోయాడు. అది ఆరాధనకు సిద్ధపడుట గనుక చేతులు జోడించి వద్దన్నాము. ఆయన నొచ్చుకొనక, లోపలికి దారి చూపించాడు.

పిమ్మట తోదైజీ బౌద్ధాలయము చూచాము. ఇప్పుడున్న కొయ్య మందిరము 1709 నాటిది. లోపలి కంచు బుద్ధుడు సుమారు 15 మీటర్ల ఎత్తు. 752లో ఆ విగ్రహమునకు కన్నులు దిద్దినవాడు మన దేశపు సన్యాసి బోధిసేనుడట! 736లో సముద్రము దాటి వెళ్లి, 760లో అక్కడే కన్నుమూశాడు. మిషనరీలనగా పడమటినుండి వచ్చువారే అనుకొను మాకు ఇది కొత్త సంగతి. చాలాసేపు అక్కడే నిలిచిపోయాము.

తిరిగి వచ్చాక ఆ వృద్ధురాలు మరల అడిగింది. "మ్రొక్కలేదమ్మా. నవ్వనూ లేదు" అన్నాము.