కాస్త పక్కకు రండి!

పలమనేరు, మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఈ నాలుగు ఊళ్లలో దేనికీ విమానాశ్రయం లేదు. కానీ విమానం ఎక్కినవాళ్లు ఒక్కరూ లేని వీధిని వెతకాలంటే మాత్రం కష్టమే. ఒకింటి కొడుకు డాలస్‌లో ఉంటాడు, పక్కింటి కోడలు కువైట్‌లో పనిచేస్తుంది. బయల్దేరేవాళ్లకు వీసా గురించి, చలికోట్ల గురించి చెప్పేవాళ్లు బోలెడంతమంది. తనిఖీ దగ్గర ఆపి ‘కాస్త పక్కకు రండి’ అంటే ఏం చేయాలో చెప్పేవాళ్లే తక్కువ.

పలమనేరు నుంచి విదేశం వెళ్లాలంటే దారి దాదాపుగా ఒకటే. నంగలి దగ్గర రాష్ట్రం దాటి, ముళబాగిలులో దోసె తిని, కోలారు మీదుగా దేవనహళ్లి చేరుకోవాలి. మదనపల్లె వాళ్లు చింతామణి మీదుగా వెళ్తారు. కుప్పం వాళ్లకు బెంగళూరు రైలుంది. తిరుపతి దగ్గరి రేణిగుంట విమానాశ్రయం దగ్గరే అయినా అమెరికాకో గల్ఫ్‌కో వెళ్లేవాళ్లు ఎక్కువగా పట్టేది బెంగళూరు దారో, చెన్నై దారో. 2008 మే దాకా బెంగళూరు విమానాలు నగరంలోని హెచ్‌ఏఎల్ విమానాశ్రయం నుంచి ఎగిరేవి. ఆ నెల 24న దేవనహళ్లిలో కొత్తది మొదలయ్యాక ఈ ప్రాంతం వాళ్లకు నగరం ట్రాఫిక్‌లో చిక్కుకునే బాధ చాలావరకు తప్పింది.

ప్రయాణం ఇంటి దగ్గర పండగలా మొదలవుతుంది. అత్తలు, పిన్నమ్మలు, మేనమామలు అందరూ వస్తారు. దేవుడి దగ్గర దీపం పెడతారు, దిష్టి తీస్తారు. కారు వెనక సీటు నిండా వీడ్కోలు చెప్పేవాళ్లే. కానీ విమానాశ్రయం గుమ్మం దగ్గర టికెట్టు, పాస్‌పోర్టు ఉన్నవాళ్లనే లోపలికి పంపుతారు. మిగిలినవాళ్లు చెయ్యి ఊపి బయటే ఆగిపోతారు. అప్పటిదాకా పదిమంది మధ్య ఉన్న అరవై ఐదేళ్ల అమ్మమ్మ, తెలిసిన భాష పెద్దగా వినిపించని హాల్లో ఒక్కసారిగా ఒంటరిదైపోతుంది. ‘పక్కకు రండి’ అనే మాట వినాల్సి వచ్చేది సరిగ్గా అక్కడే.

బెల్లం అచ్చుకు నారింజ రంగు

కూతురింటికి వెళ్లే తల్లి సూట్‌కేసులో బట్టలకన్నా వంటిల్లే ఎక్కువ. చిత్తూరు బెల్లం అచ్చులు, చింతపండు ముద్ద, నెయ్యి డబ్బా, కందిపొడి, కారప్పొడి, మనవడికి సున్నిపిండి. వీటిలో తప్పేముందని ఆమెకు అనిపించడం సహజం. ఎక్స్‌రే యంత్రానికి మాత్రం బెల్లమని, చింతపండని తెలియదు. పదార్థం ఏ రకందో, ఎంత చిక్కగా ఉందో అన్నదే దానికి కావాలి. తెరమీద సేంద్రియ పదార్థాలు నారింజ రంగులో, లోహాలు నీలంలో, వాటి మధ్యరకాలు ఆకుపచ్చలో కనిపిస్తాయి. తిండి పదార్థాలదీ నారింజే, చాలా పేలుడు పదార్థాలదీ నారింజే. అందుకే గట్టిగా, ముద్దగా ఉన్న బెల్లం అచ్చు తెరమీద కనపడితే సిబ్బంది సంచి విప్పమంటారు. అనుమానం ముద్దమీద, తెచ్చిన మనిషిమీద కాదు.

కొన్నింటిని అసలు పెట్టకూడదు. కారప్పొడిని, కారం కలిసిన ఊరగాయను మన దేశంలో చేతి సంచిలో అనుమతించరు. వాటిని కింద వేసే పెద్ద సూట్‌కేసులోనే పెట్టాలి. పూజ సామాను సంచిలో అలవాటుగా దూరిపోయే అగ్గిపెట్టె, కర్పూరం ఎందులోనూ పనికిరావు. రెండూ ఇట్టే మండేవి. ఎండుకొబ్బరి సంగతి చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. నూనె ఎక్కువగా ఉండే కురిడీ దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉందని విమానయాన నిబంధనలు దాన్ని ప్రమాదకర వస్తువుల్లో చేర్చాయి. కొబ్బరికాయకూ ఆంక్షలున్నాయి. శబరిమల భక్తులు ఇరుముడిలోని కాయను వెంట తీసుకెళ్లడానికి 2024 అక్టోబరులో పౌర విమానయాన భద్రతా విభాగం ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. 2025 జనవరి 20 దాకా అని గడువు కూడా పెట్టింది.

అమెరికా విమానమైతే పొడులకు వేరే లెక్క ఉంది. 2018 జూన్ 30 నుంచి ఆ దేశానికి వెళ్లే విమానాల్లో, చేతి సంచిలోని పొడి 350 మిల్లీలీటర్లకు, అంటే ఓ కూల్‌డ్రింక్ డబ్బా పరిమాణానికి మించితే విడిగా తనిఖీ చేస్తారు. తేలకపోతే అక్కడే వదిలేసి వెళ్లాలి. కందిపొడికైనా విభూతికైనా ఇదే సూత్రం.

తాళిబొట్టు కూత పెడితే...

అమెరికాలో ‘అదనపు తనిఖీ’ కొందరికే. మన దేశంలో చేతి యంత్రంతో ఒళ్లంతా తడిమే తనిఖీ దాదాపు ప్రయాణికులందరికీ ఉంటుంది. ఆడవాళ్లను తెర కట్టిన గదిలో మహిళా సిబ్బందే చూస్తారు. నల్లపూసలు, మెట్టెలు, గాజులు, జాకెట్టు పిన్నీసు... ఒక్కోదాని దగ్గర యంత్రం ఒక్కోసారి కూస్తుంది. మోకాలి చిప్ప మార్పించుకున్నవాళ్లకు కాలి దగ్గర కూస్తుంది. మొదటిసారి వెళ్లిన పెద్దావిడకు ఆ కూత వినగానే గుండె జారుతుంది. ‘నేనేం దొంగతనం చేసినానా నాయినా?’ అని ఇంటికి ఫోన్ చేసి ఏడ్చేవాళ్లూ ఉంటారు. యంత్రం చెప్పేది ఇక్కడ లోహం ఉందని మాత్రమే. తాళి తీసేయాలేమోనని కంగారు పడక్కర్లేదు, చూపిస్తే చాలు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు డాక్టరు ఇచ్చిన కాగితం దగ్గర పెట్టుకుంటే మాటలతో పని తగ్గుతుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఆగస్టు 15, జనవరి 26 దగ్గరపడితే మరో తనిఖీ కలుస్తుంది. అన్నీ అయిపోయాయనుకుని విమానం వైపు నడుస్తుంటే, ఎక్కేముందు మళ్లీ సంచులు చూస్తారు.

ఇక చేతులకు, సంచి పిడికి చిన్న గుడ్డముక్క రాసి యంత్రంలో పెట్టే పరీక్ష ఒకటుంది. పేలుడు పదార్థాల ఆనవాళ్ల కోసం అది. కొన్ని ఎరువుల్లోని నైట్రేట్లకూ, చేతులకు రాసుకునే క్రీముల్లోని గ్లిజరిన్‌కూ ఆ యంత్రం తప్పుగా గంట కొట్టే అవకాశం ఉంది. టమోటా తోటలో ఎరువు చల్లి మర్నాడే విమానం ఎక్కే మదనపల్లె రైతు చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కోవడం మంచిది.

ప్రతి తనిఖీకీ ఓ గాయం

ఇంత అనుమానం ఎందుకన్న ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉంది. 1985 జూన్ 23న ఎయిరిండియా ‘కనిష్క’ విమానం ఐర్లండ్ తీరానికి దూరంగా సముద్రం మీద పేలిపోయి 329 మంది చనిపోయారు. అందులో బాంబున్న సూట్‌కేసు విమానం ఎక్కింది, దాని యజమాని ఎక్కలేదు. ప్రయాణికుడు రాకపోతే అతని సామాను దించేయాలన్న నియమం అంత గట్టిపడటానికి ఆ సూట్‌కేసే కారణం. మన పౌర విమానయాన భద్రతా విభాగం 1987 ఏప్రిల్‌లో స్వతంత్ర శాఖ అయింది కూడా ఆ విషాదం తర్వాతే.

1999 డిసెంబరు 24న ఖాట్మండూ నుంచి ఢిల్లీ వస్తున్న ఐసీ-814ను హైజాక్ చేసి కాందహార్ తీసుకెళ్లారు. ఆ తర్వాతే విమానాశ్రయాల కాపలా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం చేతికి రావడం మొదలైంది. 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో శ్రీకారం చుట్టారు. 2001 డిసెంబరులో ఓ ప్రయాణికుడు బూటులో బాంబు దాచుకుని అమెరికా విమానం ఎక్కాడు. 2006 నుంచి అక్కడ అందరూ బూట్లు విప్పాల్సి వచ్చింది. ఆ నియమాన్ని 2025 జులైలో ఎత్తేశారు. 2006 ఆగస్టులో లండన్‌లో ద్రవ పేలుడు పదార్థాల కుట్ర బయటపడింది. చేతి సంచిలో ఏ ద్రవమైనా 100 మిల్లీలీటర్లు దాటకూడదన్న నియమం అప్పుడు పుట్టిందే. నెయ్యి సీసా, కొబ్బరినూనె డబ్బా చెత్తబుట్టలో పడుతుంటే ప్రాణం ఉసూరుమనడం నిజమే. ఆ బుట్ట వెనక ఇంత కథ ఉంది.

బోర్డింగ్ పాసుపై నాలుగు ‘ఎస్’లు

అమెరికా వెళ్లేవాళ్లలో కొందరికి ఆన్‌లైన్లో బోర్డింగ్ పాసు రాదు. కౌంటర్‌కు రమ్మంటుంది. అక్కడిచ్చిన కాగితం మీద ‘ఎస్ఎస్ఎస్ఎస్’ అని అచ్చై ఉంటే ‘రెండోసారి తనిఖీకి ఎంపికైనవారు’ అని అర్థం. విమానం ఎక్కే ద్వారం దగ్గర విడిగా నిలబెట్టి సంచి మొత్తం విప్పుతారు, ఒళ్లు తడుముతారు, గుడ్డముక్క పరీక్ష చేస్తారు. ఫోన్, ల్యాప్‌టాప్ వెలిగించి చూపమనొచ్చు. ఎందుకు ఎంపిక చేశారో చెప్పరు. ఏ కారణం లేకుండా లాటరీలా తగలొచ్చు, పేరు మరెవరి పేరుతోనో కలిసి ఉండొచ్చు.

పేర్ల దగ్గర తెలుగువాళ్లకు తిప్పలు మామూలే. ఇంటిపేరు ముందు రాస్తాం, పొడి అక్షరాలతో సరిపెడతాం. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉంటే అమెరికా వీసాలో అసలు పేరు చోట ‘పేరు తెలియదు’ అనే అర్థంలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది. టికెట్టు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. ప్రతిసారీ నాలుగు ‘ఎస్’లు పడుతుంటే అమెరికా అంతర్గత భద్రతా శాఖకు అర్జీ పెట్టుకోవచ్చు. వాళ్లు ఇచ్చే ప్రత్యేక నంబరును టికెట్టు కొనేటప్పుడు రాస్తే పేరు పొరపాట్లు తగ్గుతాయి.

పెద్దలకూ తప్పలేదు

పేరు పొరపాటు ఎంతటివాళ్లనైనా ఆపుతుంది. అమెరికా సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ తననే పలుమార్లు ఆపారని 2004లో సెనేట్ విచారణలోనే చెప్పారు. ఆయన పేరులాంటిదే ఒకటి అనుమానితుల జాబితాలో ఉండటమే కారణం.

2009 ఏప్రిల్‌లో మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాంను ఢిల్లీలో ఓ అమెరికా విమానసంస్థ సిబ్బంది తనిఖీ చేశారు. మాజీ రాష్ట్రపతులకు మినహాయింపు ఉన్నా పట్టించుకోలేదు. విషయం జులైలో పార్లమెంటులో దుమారం రేపాక సంస్థ క్షమాపణ చెప్పింది. 2011 సెప్టెంబరులో న్యూయార్క్‌లో విమానం ఎక్కి కూర్చున్నాక ఆయన కోటు, బూట్లు తీసుకెళ్లి మరీ చూశారు. అమెరికా మళ్లీ విచారం తెలిపింది. రెండుసార్లూ కలాం గొడవ చేయలేదు.

2010 డిసెంబరులో అమెరికాలో మన రాయబారి మీరా శంకర్‌ను మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ విమానాశ్రయంలో అందరి ముందూ తడిమి చూశారు. చీర కట్టుకోవడమే కారణమని అప్పట్లో వార్తలొచ్చాయి. భారత ప్రభుత్వం గట్టిగా నిరసన తెలిపింది. ఈ రెండు ఉదంతాల్నీ కలిపి చూడాలి. తనిఖీకి ఒప్పుకోవడం చిన్నతనం కాదు. తీరు బాగోలేనప్పుడు బాగోలేదని చెప్పడమూ తప్పు కాదు.

ఎవరో ఇచ్చిన పొట్లం

గల్ఫ్ దారిలో వెళ్లేవాళ్ల భయం వేరు. కడప, రాయచోటి, పీలేరు, మదనపల్లె ప్రాంతాల నుంచి ఎంతోమంది ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్ వెళ్తారు. వాళ్ల సంచిలో అసలు ప్రమాదం ఊరగాయ కాదు, ‘మా తమ్ముడికి ఇచ్చేయక్కా’ అంటూ పరిచయస్తులు చేతిలో పెట్టే పొట్లం. ఆ పొట్లంలో గంజాయో మత్తు మాత్రలో బయటపడితే ‘నాది కాదు’ అన్న మాట చెల్లదు. ఎవరి సంచిలో దొరికితే వాళ్లదే బాధ్యత. అక్కడి చట్టాల్లో శిక్షలు చాలా కఠినం.

మన వంటింటి గసగసాలే యూఏఈ, సౌదీల్లో నిషిద్ధం. నల్లమందు మొక్క గింజలు కావడమే కారణం. డాక్టరు చీటీతో ఇక్కడ దొరికే ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలకూ అక్కడ నియంత్రణ ఉంది. మందులేవైనా అసలు పెట్టెల్లో, చీటీతో సహా ఉండాలి.

వెళ్లేముందు...

* సంచి సొంతంగా సర్దుకోవాలి. లోపల ఏముందో ఎక్కేవాళ్లకే తెలియాలి.
* పవర్ బ్యాంకు చేతి సంచిలోనే పెట్టాలి. కింద వేసే సూట్‌కేసులో ఉంటే వెనక్కి పిలిచి విప్పిస్తారు.
* పక్కకు రమ్మంటే వాదించకుండా వెళ్లాలి. భాష రాకపోతే ఆ మాటే చెప్పి తెలుగో కన్నడమో వచ్చినవాళ్లను పిలవమనాలి.
* ఆడవాళ్లు మహిళా సిబ్బందినీ, చాటునూ అడగొచ్చు. అమెరికాలోనూ తనిఖీ వేరే గదిలో చేయమనొచ్చు, తోడు ఒకరిని ఉంచుకోవచ్చు.
* తనిఖీకి ఓ అరగంట అదనంగా పోతుందనుకుని ముందే చేరుకోవాలి.

అమెరికా చూసొచ్చినవాళ్ల కబుర్లలో నయాగరా ఉంటుంది, మనవడి స్కూలు ఉంటుంది. విమానాశ్రయంలో పక్కన నిలబెట్టిన సంగతి మాత్రం చిన్నతనమని చాలామంది దాచేస్తారు. దాచినందువల్లే తర్వాత వెళ్లే అత్తగారు కూడా అదే కూతకు అంతే భయపడుతుంది. ఆ నాలుగు మాటలూ వీధి అరుగు మీద చెప్పుకుంటే, తర్వాత దేవనహళ్లి దారి పట్టే అమ్మమ్మ ‘పక్కకు రండి’ అనగానే ‘పద తల్లీ, చూసుకో’ అంటూ ధైర్యంగా నడుస్తుంది.