మడుగు ఒడ్డున పసుపు తూనీగ



కుటుంబ కూడికల నిమిత్తము వానలు కురిసిన దినములలో ప్రొద్దుటూరు నుండి జమ్మలమడుగుకు, అక్కడనుండి ముద్దనూరు మీదుగా పులివెందులకు ప్రయాణము చేశాము. పెన్నానదిలో చాలా కాలము ఇసుకే కనబడుతుంది. వాన పడితే పల్లములలో నీరు నిలుస్తుంది. జమ్మలమడుగు పేరులోనే మడుగు ఉన్నది గదా!

అక్కడ ఒక మడుగు ఒడ్డున గడ్డిలో సూదివలె సన్నని పసుపు తూనీగలు ఎగురుతున్నాయి. సండేస్కూలు పిల్లవాడొకడు, "అయ్యగారూ, ఇవి పెద్ద తూనీగల పిల్లలా?" అని అడిగాడు. "అవును నాయనా" అన్నాము.

ఆ రాత్రి బసచేసిన ఉపాధ్యాయుని ఇంట పుస్తకము చూచి సిగ్గుపడ్డాము. రెక్కలు వచ్చిన తూనీగ ఇక పెరగదు. ఇది వేరే జాతి. 1798లో ఫాబ్రీషియస్ అను శాస్త్రజ్ఞుడు మన కోరమాండల్ తీరము పేరుమీద దీనికి కోరమాండెలియానమ్ అని పేరు పెట్టాడు. తెలియనిదానిని తెలిసినట్లు బోధించితిమి. యాకోబు 3:1 జ్ఞాపకము వచ్చి నిద్ర పట్టలేదు.

దీనిని గుర్తించుట సులభము. పెద్ద తూనీగ వాలినప్పుడు రెక్కలు చాచి ఉంచుతుంది. ఇది వీపుమీద మడుచుకుంటుంది. కండ్లు ఎడమెడముగా ఉంటాయి. పొడవు సుమారు అంగుళమున్నర. మగదాని తోక మచ్చలేని పసుపు. ఆడది గోధుమ ఛాయ. వేగముగా పారే నీటికంటె గడ్డి మొలిచిన కుంటలు, వరి మళ్లు దీనికి ఇష్టము. నీటి మొక్కల కాడలలో గ్రుడ్లు పెడుతుంది. దాని పిల్ల నీటిలోనే పెరుగుతూ దోమ పిల్లలను తింటుంది. మన యిండ్ల జ్వరములను తగ్గించుటకు దేవుడుంచిన చిన్న పనివాడు!

పులివెందుల దగ్గర చీనీతోటలో ఒక సహోదరుడు మందుకొట్టిన డబ్బాను కుంటలో కడుగబోయాడు. వద్దన్నాము. "ఇన్ని నీళ్లలో ఇదెంత అయ్యగారూ?" అన్నాడు. ఆ విషము తూనీగ పిల్లలను చంపుతుందని, ఆ నీళ్లే గొర్రెలు త్రాగునని చెప్పగా, బకెట్టుతో నీళ్లు తోడుకొని దూరముగా కడిగాడు.

తిరుగు ప్రయాణములో జమ్మలమడుగులో దిగి ఆ పిల్లవాని వెదకి, "నాయనా, ఆ దినము మేము తప్పు చెప్పాము" అన్నాము. "అయితే దాని పిల్ల ఏది?" అన్నాడు. గ్లాసుతో మడుగు నీళ్లు తోడి, మూడవసారి, తోక చివర మూడు ఆకులవంటి మొప్పలు గల పిల్లను చూపించాము. వాడు చాలాసేపు చూచి, మెల్లగా నీటిలో విడిచిపెట్టాడు.

మీ పొలములోని కుంటను మీ పిల్లలతో కూడ చూడండి. ప్రభువు మీ గృహములను దీవించును గాక.