గోడ దూకిన అనుమానం

మొన్నటి సెలవుల్లో ఒక సాయంకాలం ఇంటిల్లిపాదీ కూర్చొని ఒక పాత అమెరికన్ హాస్యచిత్రం చూశాము. పేరు 'ది బర్బ్స్'. జో డాంటే దర్శకత్వంలో 1989లో వచ్చింది. టామ్ హాంక్స్ అందులో కథానాయకుడు. పిల్లలు పడీపడీ నవ్వారు. మేమూ నవ్వాము. చిత్రం ముగిశాక మాత్రం ఒక పాత సిగ్గు మా మనసును తొలచసాగింది.

కథ జరిగేది నగర శివారులోని ఒక ప్రశాంతమైన వీధిలో. రే పీటర్సన్ అనే గృహస్థు కొద్దిరోజులు సెలవు పెట్టి ఇంటిపట్టున ఉంటాడు. అతని పక్కింట్లో క్లోపెక్ కుటుంబం కొత్తగా దిగింది. వారు ఎవరితోనూ కలవరు. రాత్రివేళ వారి నేలమాళిగ నుంచి వింత శబ్దాలు వినవస్తాయి. కుండపోత వర్షంలో పెరడు తవ్వుతూ కనిపిస్తారు. ఇంతలో అదే వీధిలోని వాల్టర్ అనే వృద్ధుడు కనిపించకుండా పోతాడు. ఇక చెప్పాలా! రే, అతని మిత్రుడు ఆర్ట్, మాజీ సైనికుడైన రమ్స్‌ఫీల్డ్ కలిసి ఆ ముసలాయనను క్లోపెక్‌లే పొట్టన పెట్టుకున్నారని తీర్మానించేస్తారు. ఒక ఎముక దొరికితే అది ఆయనదే అవుతుంది. ఆయన విగ్గు క్లోపెక్‌ల ఇంట్లో కనిపిస్తే అదే తిరుగులేని సాక్ష్యమవుతుంది.

రే భార్య క్యారల్ ఒక్కతే ఇంగితం ఉన్న మాట చెబుతుంది. ఏదైనా తీపి పదార్థం తీసుకొని, తలుపు తట్టి, కొత్తవారిని పలకరించి వద్దామంటుంది. వెళతారు కూడా. కానీ కాళ్లు వాకిలి గుండా వెళ్లినా మగవారి కళ్లు మాత్రం దొంగచూపులే చూస్తాయి. చివరకు ఆ కుటుంబం ఇంట్లో లేని సమయంలో రే, ఆర్ట్ ప్రహరీ దాటి లోపలికి చొరబడి, నేలమాళిగను తవ్వుతారు. పలుగు గ్యాసు గొట్టానికి తగిలి ఇల్లంతా పేలిపోతుంది. సరిగ్గా అప్పుడే వాల్టర్ నిక్షేపంగా తిరిగి వస్తాడు. ఆయన ఇన్నాళ్లూ ఆసుపత్రిలో ఉన్నాడు. ఆయన ఉత్తరాలు తీసి భద్రపరుస్తున్నది ఆ క్లోపెక్‌లే. ఉత్తరాలతో పాటు విగ్గు కూడా పొరపాటున వారి చేతికి వచ్చింది. పొరుగువారికి చేసిన ఉపకారమే వారిపై నేరారోపణగా మారిందన్నమాట.

అప్పుడు రే పశ్చాత్తాపంతో, పిచ్చివాళ్లు వారు కాదని, అనుమానంతో ఇంతపని చేసిన తామేనని కేకలు పెడతాడు. చిత్రం అక్కడితో ముగిస్తే బాగుండేది. ముగియలేదు. కొద్ది నిమిషాలకే క్లోపెక్‌లు నిజంగానే హంతకులని తేలుతుంది. వారి కారు వెనుక అరలో మానవ కంకాళాలు బయటపడతాయి.

"చూశారా అబ్బా! వాళ్ల అనుమానమే నిజమైంది. గోడ దూకడమే మంచిదైంది కదా!" అన్నాడు మా అబ్బాయి.

మాకు వెంటనే సమాధానం తోచలేదు. కాసేపటికి హజ్రత్ ఉమర్ (రజి) గారి గురించి ప్రసిద్ధమైన ఒక ఉదంతం గుర్తుకు వచ్చింది. ఆయన ఒక రాత్రి మదీనా వీధుల్లో గస్తీ తిరుగుతుండగా ఒక ఇంట్లోంచి పాట వినిపించింది. అనుమానం కలిగి గోడ ఎక్కి లోపలికి దిగారు. ఇంటి యజమాని మద్యంతో పట్టుబడ్డాడు. ఖలీఫా మందలించబోగా ఆ వ్యక్తి, తాను ఒక్క తప్పు చేస్తే ఆయన మూడు చేశారని విన్నవించుకున్నాడు. రహస్యాలు కూపీ లాగవద్దని అల్లాహ్ ఆదేశించగా ఆయన కూపీ లాగారు. ఇళ్లలోకి ద్వారాల గుండా రమ్మంటే గోడ దూకి వచ్చారు. అనుమతి కోరి, సలామ్ చేసి ప్రవేశించమంటే అదీ చేయలేదు. ఆ మహానుభావుడు దానికి ఎదురుచెప్పలేదు. ఇకపై మారతానన్న మాట తీసుకొని, అతన్ని క్షమించి వెనుదిరిగారు.

గమనించండి. ఇక్కడ ఖలీఫా అనుమానం నిజమే అయింది. అయినా గోడ దూకడం తప్పు కాకుండా పోలేదు. దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరా 12వ ఆయత్ దురనుమానాన్ని, ఆరా తీయడాన్ని, పరోక్షనిందను వరుసగా వారించింది. ఆ మూడూ ఒకే మెట్ల దారి. మొదటి మెట్టు మీద కాలు పెట్టినవాడు మూడవ మెట్టు దాకా తెలియకుండానే దిగిపోతాడు. నిజంగా ఎవరికైనా ప్రాణాపాయం కనిపిస్తే కళ్లు మూసుకోవాలని ధర్మం చెప్పదు. దానికి అధికారులున్నారు, చట్టముంది. కిటికీ సందులు మాత్రం దానికి మార్గం కావు.

ఈ మాటలు చెబుతుంటే మా గొంతు తడబడింది. ఎందుకంటే మేమూ ఆ మెట్లు దిగినవారమే.

ఒకప్పుడు అద్దె ఇంటి కోసం తిరిగినప్పుడు మా పేర్లు వినగానే 'ఇల్లు ఇచ్చేశాం' అన్న గుమ్మాలు ఎన్నో చూశాము. ఆ బాధ తెలిసినవారమే. అయినా కొన్నేళ్లకు మా వెనుక ఇంట్లోకి వేరే రాష్ట్రపు యువకులు కొందరు దిగినప్పుడు, వారు అర్ధరాత్రి సంచులతో బయలుదేరడం చూసి వంటింటి కిటికీ సందులోంచి తొంగిచూశాము. ఎదురింటివారి చెవిన వేశాము. ఆ మాట ఇంటి యజమానికి చేరింది. నెల తిరగకముందే వారు ఖాళీ చేసి వెళ్లిపోయారు. తర్వాత వీధి చివరి దుకాణదారు చెబితే తెలిసింది, వారు బేకరీలో రొట్టెలు కాల్చే కూలీలని. తెల్లవారేసరికి ఊరికి రొట్టె అందాలంటే అర్ధరాత్రే పొయ్యి రాజెయ్యాలి మరి!

వారు నిర్దోషులని తేలినందువల్లే మేము తప్పు చేసినవారమయ్యామని అనుకోరాదు. వారు దోషులే అయినా ఆ కిటికీ సందు మాకు నిషిద్ధమే. తోటి మనిషి హక్కు విషయంలో అతడే క్షమించాలి. క్షమాపణ అడుగుదామంటే వారి చిరునామా మా దగ్గర లేదు.

అంతా విన్నాక మా అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. వెనుక ఇంట్లో ఇప్పుడు మరో కుటుంబం ఉంటోంది. కూర వండితే కాస్త నీరు ఎక్కువ పోసి పొరుగువారికి పంచమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూ జర్ (రజి) గారికి బోధించారు. మరునాడు గిన్నెడు షోర్బా వాడి చేతికిచ్చి పంపాము. వాడు వీధి చుట్టూ తిరిగి వెళ్లి, వారి ముందు తలుపే తట్టాడు.

మేము వెళ్లగొట్టిన ఆ రొట్టెల కూలీలకు అల్లాహ్ ఎక్కడున్నా మంచి పొరుగువారిని ప్రసాదించుగాక! వారి మనసుల్లో మా పట్ల క్షమను కలిగించుగాక! ఆమీన్.