ఒక సైజు పెద్దది

చిన్నప్పుడు మాకు బట్టలు కుట్టించేటప్పుడు మా అమ్మ టైలర్‌తో రెండే ముక్కలు చెప్పేది. "ఒక సైజు పెద్దది కుట్టు. లోపల గుడ్డ వదిలిపెట్టు." జూన్‌లో బడికి వేసుకెళ్తే అన్నయ్య చొక్కా తొడుక్కొచ్చినట్టుండేది. మరుసటేడు సరిగ్గా సరిపోయేది. ఆ పైయేడు కుట్లు విప్పి మడత దించితే ఇంకో ఏడాది లాగించేది. నలభై ఏళ్ళ తర్వాత, వెల్లింగ్టన్‌లో మా అమ్మాయికి గ్రాఫిక్స్ కార్డు కొంటూ నేను ఈ పాఠాన్ని శుభ్రంగా మర్చిపోయాను.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. కంప్యూటర్లో బొమ్మలు గీసే పనంతా నెత్తినేసుకునేది గ్రాఫిక్స్ కార్డు. ఆటలాడేవాళ్ళకీ, త్రీడీ బొమ్మలు చేసేవాళ్ళకీ అదే గుండెకాయ. లక్షల రూపాయల కార్డులున్నాయి, నామమాత్రపు కార్డులున్నాయి. మధ్యలో మనలాంటివాళ్ళ కోసం ఒక వరస ఉంది. ఎన్విడియా వాళ్ళ లెక్కలో చివర 60 ఉండేవి: 2016లో 1060, 2021లో 3060, 2023లో 4060. ఆటకీ రావాలి, పనికీ రావాలి, ఇంటి అప్పు వాయిదా మాత్రం తప్పకూడదు. అచ్చంగా మధ్యతరగతి కార్డులు.

2024లో మా అమ్మాయి ఇయర్ 13, అంటే స్కూల్లో ఆఖరి ఏడాది. డిజైన్ అండ్ విజువల్ కమ్యూనికేషన్ అనే సబ్జెక్టు తీసుకుంది. ఏడాది చివర్లో పోర్ట్‌ఫోలియో ఇవ్వాలి. "నాన్నా, నాకు 3060 కావాలి. పన్నెండు జీబీది. సెకండ్ హ్యాండ్‌దైనా ఫర్వాలేదు" అంది.

రాత్రిళ్ళు 'పాత్ ఆఫ్ ఎగ్జైల్' ఆడుతూ చాలాసార్లు దొరికిపోయింది. ఆక్లాండ్‌లో తయారై ప్రపంచమంతా ఆడుతున్న ఆట అది. "మన దేశం ఆటే కదా నాన్నా" అనేది. కాబట్టి కార్డు అడిగింది ఆటకోసమేననీ, చదువు పేరు అడ్డం పెట్టుకుందనీ నాకు నేనే తీర్పు ఇచ్చేసుకున్నాను. పోనీ, అడిగింది కదా, ఇంకా మంచిదే కొందామనుకున్నాను.

రివ్యూలు చదివాను. సెకనుకి ఎన్ని ఫ్రేములు వస్తాయో కొలిచిన పట్టికలన్నీ చూశాను. 3060 కన్నా 4060 ముందుంది. కరెంటు 170 వాట్ల బదులు 115 వాట్లు చాలు. పైగా కొత్తది, వారంటీ ఉంది. అమెరికాలో 299 డాలర్లని ప్రకటించిన కార్డు, మన డాలర్లలోకి మారి, 15 శాతం జీఎస్టీ మోసుకుని, నా చేతికొచ్చేసరికి 560 అయింది. పుట్టినరోజునాడు ఇచ్చాను. "థాంక్యూ నాన్నా" అంది. డబ్బా మీద 8 జీబీ అన్నచోట దాని చూపు ఒక్క క్షణం ఆగింది. నేను పట్టించుకోలేదు.

జులైలో ఒక రాత్రి మంచినీళ్ళకి లేచి, దాని గదిలో లైటు చూసి తలుపు తోశాను. ఆట దొరుకుతుందనుకున్నాను. తెర మీద బ్లెండర్ ఉంది. త్రీడీ పనికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ అది. చిత్రం రావలసిన చోట ఖాళీ. కింద ఒక వాక్యం: సిస్టమ్ ఈజ్ అవుట్ ఆఫ్ జీపీయూ మెమరీ. పక్క కిటికీలో రంగుల్లేని బూడిద గీతల్లో ఏదో ఇల్లు. నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలిన పెంకు, మధ్యలో ఆకాశం, ఎనిమిది స్తంభాలు.

అమలాపురం దగ్గర మా ఇల్లు. మా మండువా.

అమ్మ పోయాక ఆ ఇల్లు అమ్మేశాం. అన్నదమ్ములం ముగ్గురం, ముగ్గురం మూడు దేశాలు. చూసేవాళ్ళు లేరు. పవర్ ఆఫ్ అటార్నీ కాగితం మీద నేనిక్కడే నోటరీ ముందు సంతకం పెట్టి పంపాను. కొన్నవాళ్ళు పడగొట్టి శ్లాబు వేశారు. అది వాళ్ళ హక్కు. అమ్మే ముందు ఆఖరిసారి వెళ్ళినప్పుడు పిల్ల రోజంతా ఫోను పట్టుకుని గోడలకీ గచ్చుకీ ఫోటోలు తీస్తుంటే, "మనుషుల్ని తియ్యవే" అని విసుక్కున్నది కూడా నేనే.

"మామ్మ ఇల్లు నాన్నా. ఇదే నా ప్రాజెక్టు" అంది. "ఎనిమిదిలో పట్టట్లేదు."

అప్పుడు కూర్చుని అడిగాను, ఎందుకు పట్టదని. కార్డులో మెమరీ అంటే వంటింట్లో గట్టులాంటిదట. చెయ్యి ఎంత చురుకైనదైనా, తరిగిన కూరలు పెట్టుకోడానికి చోటు లేకపోతే వంట సాగదు. ఆటలు తయారుచేసేవాళ్ళు ఎంత గట్టుంటే అంతలో సర్దుకునేట్టు ముందే చూసుకుంటారు. సొంతంగా సీను కట్టుకునేవాళ్ళకి ఆ సర్దుబాటు ఎవరు చేస్తారు? గోడ దగ్గరనుంచి కూడా గోడలాగే కనబడాలంటే దాని ఫోటో 8192 చుక్కల పొడవూ అంతే వెడల్పూ ఉండాలి. చుక్కకి నాలుగు బైట్లు. ఒక్క చిత్రానికే 256 ఎంబీ. రంగుకొకటి, గరుకుదనానికొకటి, ఎత్తుపల్లాలకొకటి, వెరసి మూడు. సున్నం గోడ, గచ్చు, పెంకు, స్తంభం, తలుపు అంటూ ఎనిమిది రకాలైతే 24 చిత్రాలు, ఆరు జీబీలు. ఇంకా ఇల్లు మొదలే కాలేదు. చిత్రాలని సగానికి కుదిస్తే నాలుగో వంతు చోటే పడుతుంది. అదీ చేసి చూసిందట. స్తంభాల మీద నగిషీ అలుక్కుపోయింది.

మరి కొత్త కార్డుకి పాతదానికన్నా తక్కువెందుకు? అదీ ఎక్కాల లెక్కే. ఒక్కో మెమరీ చిప్పుకి 32 బిట్ల దారి కావాలి. 3060లో దారి 192 బిట్ల వెడల్పు, అంటే ఆరు చిప్పులు. ఆరు రెళ్ళు పన్నెండు. 4060లో దారిని 128కి కుదించారు. నాలుగు రెళ్ళు ఎనిమిది. వేగం పెరిగింది, గట్టు తగ్గింది. నేను వేగం పట్టికే చూశాను. పిల్ల అడిగిన అంకెని చూడనేలేదు.

వెనక్కి ఇవ్వడానికి లేదు. వస్తువులో లోపముంటే ఇక్కడి వినియోగదారుల చట్టం మనవైపే. మనం తప్పు వస్తువు కొనుక్కుంటే మాత్రం అది దుకాణంవాళ్ళ దయ. ట్రేడ్ మీలో పెడితే 430 వచ్చింది. 130 డాలర్లు నా తీర్పుకి జరిమానా.

లోయర్ హట్‌లో ఒక కుర్రాడి దగ్గర 3060 దొరికింది, 370కి. సెకండ్ హ్యాండ్ కార్డు కొనేవాళ్ళకి ఒక జాగ్రత్త: 2021లో ఈ కార్డుల్ని వరసగా పేర్చి రాత్రింబవళ్ళు ఈథీరియం నాణేలు తవ్వారు. 2022 సెప్టెంబరులో ఆ పద్ధతే మారిపోయి తవ్వకం ఆగింది. అలసిన కార్డులు చాలా బజారుకొచ్చాయి. కాబట్టి డబ్బులిచ్చే ముందు మన కళ్ళెదుట ఓ అరగంట గట్టిగా నడిపించమనాలి. ఆ కుర్రాడు నడిపించాడు, టీ కూడా ఇచ్చాడు. అమ్మాయి ఫ్యాను చప్పుడు వింటూ, వేడి అంకెలు చూస్తూ కూర్చుంది. నేను మాట్లాడలేదు. ఈసారి కొనేది అది.

ఆ రాత్రి సీను పట్టింది. మండువా మీంచి వెలుగు దిగి, గచ్చుకి తగిలి, గోడకి తగిలి, చీకటి వసారాలోకి కొంచెం కొంచెంగా వెళ్ళడం లెక్కకట్టాలి. ఒక్క చిత్రానికి గంటలు. తెర మీద మొదట ఇసక జల్లినట్టు చుక్కలు. మెల్లిగా అవి సర్దుకుంటుంటే ఇల్లు తేలుతూ వచ్చింది. నేను కాగితాల మీద అమ్మేసిన ఇల్లు.

"తూము అటు కాదమ్మా, తూర్పు మూల" అన్నాను. గొంతు సరిగ్గా రాలేదు. అది తల తిప్పకుండా తూముని తూర్పుకి జరిపింది.

మా ఊళ్ళోనే మిరామర్ ఉంది. 1993లో మొదలైన వేటా అక్కడే ఉంది, హాలీవుడ్ అద్భుతాలెన్నో అక్కడ తయారయ్యాయి. అలాంటి చోట యంత్రాల బారులుంటేనే ఈ పనులవుతాయనుకునేవాణ్ణి. 2025 మార్చిలో 'ఫ్లో' అనే లాట్వియా యానిమేషన్ చిత్రానికి ఆస్కార్ వచ్చింది. అది బ్లెండర్‌లో చేసిందే. ఆఖరి చిత్రాలన్నీ దర్శకుడు తన సొంత పీసీ మీదే తీశాడట. ఆ వార్త అమ్మాయి నాకు పంపింది. కింద ఏమీ రాయలేదు.

పోర్ట్‌ఫోలియో ఎప్పుడో ఇచ్చేసింది, యూనివర్సిటీలో చేరింది. ఇంటి పని మాత్రం ఆపలేదు. ఆదివారాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుంటుంది. వాన పడితే చూరు కింద అమ్మ పెట్టే ఇత్తడి గుండిగ ఒక్క ఫోటోలోనూ లేదు. నేను చేతులతో కొలత చూపిస్తే దాన్నీ చేసింది. రోలు ఎక్కడుండేదో నాకూ గుర్తులేదు. అన్నయ్యకి ఫోన్ చేసి అడిగాం.

సీను ఇప్పుడు పదకొండు జీబీల చిల్లర తీసుకుంటోంది. పెరడు ఇంకా మొదలుపెట్టలేదు.