పూలకు తోడు అరటినార

రాజమండ్రి వైపు వెళ్లే పని పడితే దారిలో రావులపాలెంలో కాసేపు ఆగండి. అరటిగెలల మార్కెట్టుకు పెట్టింది పేరు ఆ ఊరు. కర్పూరం, చక్కెరకేళి గెలలు చూశాక చుట్టుపక్కల తోటల్లోకీ ఓ చూపు వెయ్యండి. అరటిచెట్టు ఒక్క గెలతోనే సరి. పక్కన పిలకలు లేస్తాయి కనుక గెల కోశాక చెట్టు నరికేస్తారు. లోపలి దూట కూరకొస్తుంది. కార్తీకంలో దొప్పలు దీపాలకొస్తాయి. మిగిలింది గట్టున పారేసేదేనా? మన పూలదండకు కావలసిన నార అందులోనే ఉందండీ!

దొప్పలు ఒక్కొక్కటే ఒలిచి, నిలువునా చీలికలు చేసి ఎండబెట్టండి. ఆ పని పాత చీర కట్టుకునే చెయ్యండి, అరటి పసరు మరక ఎంత ఉతికినా పోదు. గలగలలాడేలా ఎండాక కట్టగట్టి చెమ్మ తగలనిచోట దాచండి. కట్టబోయే ముందు నీళ్లలో తడిపి, గోటితో సన్నగా చీల్చుకోవాలి. పొడినార పుటుక్కున తెగుతుంది, తడినార చెప్పినట్టు వంగుతుంది. మల్లెమొగ్గ తొడిమకు ఆ చల్లదనం మంచిది. సన్నదారంలా కోసుకుపోదు కూడా.

గౌతమి వంతెన దాటి ముందుకెళితే కడియపులంక పూల మార్కెట్టు. అక్కడ పూలు కొన్నా, ఇంట్లో దండ నారతోనే కట్టండి. పూజయ్యాక నిర్మాల్యం గోదాట్లో కలుపుతాం కదా, నైలాన్ దారమైతే అక్కడే ఉండిపోతుంది. నార పూలతోపాటే కుళ్లి మట్టిలో కలుస్తుంది. పూలతో పాటు నారకూ వాసన అంటారు పెద్దలు. ఆ నార తీయడం మీ అమ్మాయికీ ఒక్కసారి చూపించండి. మనం చూపించకపోతే ఇంకెవరు చూపిస్తారు?